ఎత్తైన కొండలోయలో ఒక్కరోజు నడక: 18 కి.మీ., 1,120 మీ. ఎక్కుడు. ప్లాను సరిచూడండి

బాటసారి
అందరికీ నమస్కారం. ముగ్గురం కలిసి వేసవి చివర్లో ఒక లోయ చివరిదాకా వెళ్లి, పైనున్న కనుమ ఎక్కి, అదే దారిన సాయంత్రానికి కిందికి రావాలని అనుకుంటున్నాం. 1:25,000 పటం చూసి దారిని నాలుగు ముక్కలుగా రాసుకున్నాను.

1. బయల్దేరే చోటు 1,640 మీ. అక్కణ్ణుంచి 4 కి.మీ. మంచి కాలిబాట, 220 మీ. ఎక్కుడు. దీని చివర హిమానీనదం నుంచి వచ్చే ఏరు దాటాలి, వంతెన లేదు.
2. ఏటి అవతల 2.2 కి.మీ. మొరైన్ (హిమానీనదం తోసి పోసిన రాళ్లూ మట్టీ) గట్టు మీద సన్నబాట, 320 మీ. ఎక్కుడు.
3. 1.4 కి.మీ. బండల మేట, బాట లేదు, 180 మీ. ఎక్కుడు. దీని తలమీద 2,360 మీ. దగ్గర చిన్న సరస్సు.
4. సరస్సు నుంచి కనుమ దాకా 1.4 కి.మీ., 400 మీ. ఎక్కుడు. జారుడు రాళ్లు, పైన ఒక మంచు పట్టీ. కనుమ 2,760 మీ.

నడక సమయం కట్టే నెయిస్మిత్ లెక్క ప్రకారం వెళ్లడానికి 3 గం. 40 ని., రావడానికి 1 గం. 48 ని., అంటే సుమారు ఐదున్నర గంటలు. విశ్రాంతికి రెండున్నర గంటలు కలిపి 8 గంటలు అనుకున్నాను. ఉదయం 7కి బయల్దేరితే మధ్యాహ్నం 3కల్లా కిందికి వచ్చేస్తాం. ఆ రోజుల్లో అక్కడ సూర్యోదయం 5:45కి. ముగ్గురికీ కొండ నడక అలవాటే, కానీ ఇలాంటి రాతినేల మీద అంతగా నడవలేదు. ఎక్కడైనా తప్పుందా?

కొలబద్ద
బాటసారి గారూ, దారిని ముక్కలుగా విడగొట్టడం చాలా మంచి పని చేశారు. కానీ లెక్క మాత్రం మొత్తం దారికి ఒకేసారి వేశారు. తప్పు అక్కడే ఉంది.

నెయిస్మిత్ 1892లో చెప్పిన సూత్రం గంటకు సుమారు 5 కి.మీ., ప్రతి 600 మీ. ఎక్కుడుకు ఇంకో గంట. ఆగకుండా నడిచే గట్టి మనిషికి, మామూలు నేల మీద, అది సరిపోతుంది. దిగుడుకు అందులో లెక్కే లేదు. మీ 1 గం. 48 ని. చదును నేల మీద 9 కి.మీ. నడిచే సమయం. 1,120 మీ. దిగే మోకాళ్ల సంగతి అందులో లేదు.

ఆల్ప్స్ దారుల బోర్డులకు జర్మన్ ప్రమాణం ఒకటి వాడతారు, మీ నేలకు అది దగ్గరగా ఉంటుంది. అడ్డదూరం గంటకు 4 కి.మీ., ఎక్కుడు గంటకు 300 మీ., దిగుడు గంటకు 500 మీ. దూరానికి ఒక సమయం, ఎత్తుకు ఒక సమయం కట్టి, రెంటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. మీ ముక్కలకు వేసి చూద్దాం.

మొదటి ముక్క: దూరానికి 60 ని., ఎత్తుకు 44 ని., కలిపితే 82 ని. రెండోది: 33, 64, కలిపితే 80 ని. మూడోదానికి ఈ సూత్రం పనికిరాదు. బండల మేట మీద గంటకు 1 నుంచి 1.5 కి.మీ. మించి సాగదు. 1.2 అనుకుంటే 70 ని. నాలుగోది: 21, 80, కలిపితే 90 ని., జారుడు రాళ్లకూ మంచుకూ ఇంకో 20 వేయండి, 110 ని. ఇవన్నీ 342 ని. ఏరు దాటడానికి 20, మధ్యలో ఆగడానికి 45. కనుమ చేరడానికి 6 గం. 47 ని.

దిగేటప్పుడు నాలుగో ముక్క 65, బండల మేట మళ్లీ 70 (దిగుడైనా అక్కడ వేగం పెరగదు, ఇది చాలామంది మరచిపోయే విషయం), మొరైన్ 54, ఏరు 20, చివరి బాట 73, ఆగడాలు 30. మొత్తం 5 గం. 12 ని.

రెండూ కలిపితే 12 గంటలు, మీరు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు. 7కి బయల్దేరితే కనుమ మీద మధ్యాహ్నం 1:47, కిందికి రాత్రి 7. కొలతలో 1.4 కి.మీ. మేట చిన్నదే, కాని రానూ పోనూ 2 గం. 20 ని. తింటుంది.

ఇంకో మాట. ఈ సూత్రాలన్నీ సగటు మనిషివి. వెళ్లే ముందు వారంలో, అదే బరువు సంచితో, ముగ్గురూ కలిసి కనీసం 600 మీ. ఎక్కుడున్న దారిలో నడిచి గంటకు ఎన్ని మీటర్లు ఎక్కుతున్నారో చూసుకోండి. మీలో నిదానంగా నడిచేవారి అంకె తీసుకుని పై లెక్కలో 300 ఉన్నచోట పెట్టండి. అప్పుడే అది మీ లెక్క అవుతుంది.

ఏటిగట్టు
కొలబద్ద గారి లెక్కకు నాది ఒక్కటే చేర్పు, కానీ ప్లానంతా దానిమీదే నిలబడుతుంది. అందరూ కనుమ గురించి ఆలోచిస్తారు. ఈ దారిలో గడువు పెట్టేది కనుమ కాదు, 4వ కి.మీ. దగ్గరి ఏరు. అదీ వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు.

హిమానీనదం నుంచి పుట్టే ఏరుకు రోజూ ఒక పోటు ఉంటుంది. ఎండ పడ్డాక మంచు కరుగుతుంది, ఆ నీరు కిందికి చేరడానికి కొంత సమయం పడుతుంది. హిమానీనదం దగ్గర్లో ఉంటే మధ్యాహ్నం తర్వాత, దూరంగా ఉంటే సాయంత్రమో ఇంకా ఆలస్యంగానో పోటు వస్తుంది. అన్నిటికన్నా తక్కువ నీరుండేది తెల్లవారే వేళకు. ఉదయం 6:30కి పిక్కలదాకా ఉన్న ఏరు సాయంత్రం 5కి తొడలదాకా రావచ్చు. మీరు 7కి బయల్దేరితే తిరుగుదారిలో ఏటి దగ్గరికి వచ్చేది సాయంత్రం 5:20 ప్రాంతంలో. సరిగ్గా పోటు మీద. అవతలి గట్టున ఇల్లు కనిపిస్తుంటే, కాళ్లు అలసిపోయి ఉంటే, మనిషి దాటకూడని నీటిలో దిగుతాడు. కొండనడకలో ప్రాణాలు పోయే తీరుల్లో ఇదొకటి.

కాబట్టి లెక్క వెనకనుంచి కట్టండి. తిరిగి ఏటి ఒడ్డుకు మధ్యాహ్నం 2 లోపు రావాలి అని మొదట రాసుకోండి. ఆ తర్వాత మిగిలినవన్నీ.

బాటసారి
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఏరు సంగతి అసలు తట్టలేదు. అయితే తెల్లవారుజామున 3కే బయల్దేరితే సరిపోతుందా? మొదటి 4 కి.మీ. మంచి బాటే కదా. ఇంకో ప్రశ్న: కనుమ అవతలికి దిగి పక్క లోయగుండా చుట్టు తిరిగి వస్తే అసలు ఏరు రెండోసారి దాటక్కర్లేదు. అది మంచిదా?

ఏటిగట్టు
3కి బయల్దేరితే 4:22కి ఏటి దగ్గర ఉంటారు. చీకట్లో ఏరు దాటకూడదు. హెడ్‌ల్యాంప్ వెలుగు నీటి పైభాగం మీదే మెరుస్తుంది, లోతు తెలియదు, పై నుంచి ఏం కొట్టుకొస్తోందో కనిపించదు. 4కి బయల్దేరండి. 5:22కి ఏటి దగ్గర ఉంటారు, సూర్యోదయం 5:45 కాబట్టి అప్పటికి చూసి దాటేంత వెలుగు ఉంటుంది.

గీతలపటం
చుట్టుదారి వద్దు బాటసారి గారూ. తెలిసిన నేలమీద తిరిగి రావడం, తెలియని నేలమీద దిగడం ఒకటి కాదు. ఉదయం ఎక్కిన బండల మేటలో ఎక్కడ దారి దొరికిందో మీకు తెలిసి ఉంటుంది, ఫోన్లో జాడ కూడా ఉంటుంది. అవతలి వాలు పైనుంచి చూస్తే నున్నగానే కనిపిస్తుంది, మధ్యలో నిట్టనిలువు రాతిగోడ ఉంటే అది అంచుకు వచ్చేదాకా కనపడదు. అక్కణ్ణుంచి మళ్లీ కనుమ ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు. మొదటిసారి వెళ్లే లోయలో వెళ్లిన దారినే రావడం మేలు.

పటం మీదే చూసి తేల్చగలిగేవి ఇంకో రెండు ఉన్నాయి. మీ పటంలో కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మధ్య ఎత్తు తేడా 20 మీ. అయితే, 1 మి.మీ. అంటే నేలమీద 25 మీ. కదా. గీతకూ గీతకూ మధ్య 1.4 మి.మీ. ఉంటే అడ్డదూరం 35 మీ., అంటే వాలు 30 డిగ్రీలు. 0.8 మి.మీ. ఉంటే 45 డిగ్రీలు. కనుమ కింద ఉన్న ఆఖరి అయిదారు గీతలను స్కేలుతో కొలవండి. సగటు చూస్తే 1.4 కి.మీ.కి 400 మీ., దాదాపు 16 డిగ్రీలే, హాయిగా అనిపిస్తుంది. సగటు అబద్ధం చెప్తుంది. మొదట సగం దూరం చదునుగా ఉండి చివర 30 దాటే వాలు ఉండడం హిమానీనదం తొలిచిన లోయల్లో మామూలు. ఆ లోయల అడుగు వెడల్పుగా, పక్కలు గోడల్లా ఉంటాయి, లోయ తల దగ్గర మెట్టు మెట్టుగా లేస్తుంది.

రెండోది, మంచు పట్టీ ఇప్పుడు ఎంతుందో ఉపగ్రహ చిత్రంలో చూడండి. సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, దాదాపు 5 రోజులకోసారి కొత్తది వస్తుంది, మేఘం అడ్డు లేకపోతే 10 మీ. దాకా వివరం తెలుస్తుంది. మ్యాప్ యాప్‌ల్లో మామూలుగా వచ్చే ఉపగ్రహ చిత్రాన్ని నమ్మొద్దు, అది ఏ ఏడు ఏ నెలలో తీసిందో తెలియదు.

కొలబద్ద
ఏటిగట్టు గారు చెప్పిన మధ్యాహ్నం 2 గంటల గడువు పెట్టి వెనకనుంచి కట్టాను. సరస్సు నుంచి దిగి ఏటి ఒడ్డుకు రావాలంటే బండల మేట 70, మొరైన్ 54, పది నిమిషాలు ఆగడం: 2 గం. 14 ని. అంటే దిగేటప్పుడు సరస్సును 11:45 లోపు వదలాలి. కనుమ నుంచి సరస్సుకు 65 ని. కాబట్టి కనుమను 10:40కి వదలాలి.

4కి బయల్దేరి, ఎక్కేటప్పుడు సరస్సు దాకా ఆగడాలు 30 ని. మించకుండా చూస్తే 8:42కి సరస్సు, అక్కడ ఆగకుండా కదిలితే 10:32కి కనుమ. అంటే వెసులుబాటు 8 నిమిషాలు. ఒక రోజు నడకకు అది వెసులుబాటే కాదు.

అందుకే సరస్సునే అసలు గమ్యంగా పెట్టుకోండి. కనుమ అనేది అన్నీ కుదిరితే దొరికే అదనం. సరస్సుకు 8:40 లోపు చేరితే, ముగ్గురి కాళ్లూ బాగుంటే, ఆకాశం బాగుంటే పైకి. లేకపోతే అక్కడే తిని, చూసి, దిగిపోవడం. 10:30 అయిందంటే ఎక్కడున్నా వెనక్కి. కనుమ 50 మీ. దూరంలో ఉన్నా వెనక్కే. ఈ గడియను ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, పైన నిలబడి కాదు. పైన ఉన్నప్పుడు శిఖరం మాట్లాడుతుంది, గడియారం మాట్లాడదు.

మంచుబాట
ఉదయాన్నే వెళ్లాలన్న దానికి ఒక అడ్డు ఉంది, అది కూడా లెక్కలోకి రావాలి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు గడ్డకట్టి రాయిలా ఉంటుంది. బూటు మడమ దిగదు. 30 డిగ్రీల గట్టి మంచుమీద జారితే క్షణాల్లో ఆపుకోలేని వేగం వస్తుంది. ఆ పట్టీ కింద ఏముంది అన్నదే మొదటి ప్రశ్న. మెల్లగా చదునయ్యే మంచు ఉంటే ఒక మాట, బండరాళ్లు ఉంటే వేరే మాట. మీ ముక్క 4 ప్రకారం కింద ఉన్నది రాళ్లే.

వాలు ఎటు తిరిగి ఉందో చూడండి. ఉత్తరార్ధగోళంలో తూర్పు, ఈశాన్యం వైపు వాలుకు పొద్దున్నే ఎండ తగులుతుంది, 10 గంటలకు పైపొర మెత్తబడి మడమ దిగవచ్చు. అదే వాయవ్యం వైపు అయితే మధ్యాహ్నం దాకా గట్టిగానే ఉంటుంది. అలాంటప్పుడు మీ 10:30 గడువులో అది దాటడం కుదరదు, ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. రాత్రంతా మబ్బు ఉంటే మంచు గడ్డకట్టదు, పొద్దున్నే మెత్తగా ఉంటుంది, అప్పుడు అంచుల్లో కూరుకుపోయే ప్రమాదం.

బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ తక్కువ వాలుకు సరిపోతాయి. నిటారు గట్టి మంచుకు క్రాంపాన్లు (బూట్లకు కట్టే పొడవాటి లోహపు ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కావాలి. ఐస్ యాక్స్ చేతిలో ఉంటే చాలదు, జారినప్పుడు దానిమీద బోర్లా పడి ఆపుకోవడం అభ్యాసం చేసి ఉండాలి. చేయకపోతే ఆ పట్టీ దగ్గరే మీ నడక ఆఖరు.

ఇంకోటి: బండల పక్కన, మంచు అంచున ఎప్పుడూ కాలు పెట్టొద్దు. రాయి ఎండకు వేడెక్కి చుట్టూ మంచును లోపలినుంచి కరిగిస్తుంది, పైన పలచని కప్పు మాత్రం మిగులుతుంది. కింద నీటి చప్పుడు వినిపించే మంచుమీద అసలే వద్దు. నడిచే ముందు పోల్‌తో (నడక కర్రతో) పొడిచి చూడండి. గట్టిగా తగిలితే సరే, ఒక్కసారిగా దిగబడితే కింద బోలు.

బాటసారి
మంచుబాట గారూ, చూశాను, ఆ వాలు ఈశాన్యం వైపే తిరిగి ఉంది. కానీ ఐస్ యాక్స్ వాడడం మాలో ఎవరికీ రాదు. కాబట్టి మంచు పట్టీ అంచున రాళ్లమీద నుంచి దారి కనిపిస్తేనే పైకి, లేకపోతే వెనక్కి. ఏరు దాటే పద్ధతి, బండల మేట పద్ధతి ఎవరైనా వివరంగా చెప్తారా?

ఏటిగట్టు
రేవు ఎంచుకోవడమే సగం పని. పటంలో బాట ఎక్కడ ఏటిని కలుస్తుందో అక్కడే దాటాలని లేదు. ఏరు ఇరుకైన చోట లోతు, వేగం రెండూ ఎక్కువ. పాయలు పాయలుగా విడిపోయిన వెడల్పు చోటు వెతకండి, నాలుగు చిన్న పాయలు దాటడం ఒక పెద్దదాని కన్నా సులువు. మలుపు దగ్గర వద్దు, బయటి ఒడ్డున లోతు ఉంటుంది. దిగువన జలపాతం, పెద్ద బండలు, అడ్డంపడిన చెట్టు ఉన్నచోట నీరు ఎంత తక్కువున్నా వద్దు.

దిగేముందు ఒక పుల్ల నీటిలో వేసి దానితో పాటు ఒడ్డున నడవండి. నడకతో అందుకోలేకపోతే, నీరు మోకాలు దాటితే, దాటొద్దు. ఒడ్డున నిలబడి వినండి కూడా. అడుగున రాళ్లు దొర్లుతూ దబదబమని లోతైన చప్పుడు వస్తుంటే ఆ ఏరు ఆ రోజుకు మూసినట్టే. హిమానీనదం నీరు పాలలా ఉంటుంది, అడుగు కనిపించదు కాబట్టి చెవి, కర్ర రెండే ఆధారం.

సాక్సు, లోపలి అట్టలు తీసేసి, వట్టి బూట్లతో దిగండి. చెప్పుల్లేకుండా వద్దు: నీరు అయిదారు డిగ్రీల కన్నా తక్కువ ఉండొచ్చు, నిమిషంలో పాదం మొద్దుబారిపోతుంది, రాయి తగిలినా తెలియదు. సంచి నడుము బకిల్, ఛాతీ బకిల్ విప్పేయండి, పడితే సంచి వదిలేయాలి. ముఖం ఎగువకు, పోల్స్ ఎగువన ఆనించి, పక్కకు అడుగులు. ఒకసారికి ఒక్కటే కదలాలి: కాలైనా, కర్రైనా. కొంచెం దిగువకు వాలుగా దాటండి. ముగ్గురు కాబట్టి ఒకరి సంచి పట్టీ ఒకరు పట్టుకుని, బరువైనవారు ఎగువన ఉండి, ఒకరి వెనక ఒకరు దాటవచ్చు. ఒంటికి తాడు కట్టుకోవద్దు, పడినవారిని నీటి అడుగుకు అదిమేది అదే.

ఉదయం దాటగానే ఒడ్డున నీటి అంచున ఉన్న ఒక కదలని రాయిని ఎంచుకుని ఫొటో తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అదే రాయి ఎంత మునిగిందో చూస్తే పెరుగుదల కళ్లకు కడుతుంది. అలసిన మనసు 'ఉదయం కూడా ఇంతే ఉంది కదా' అంటుంది. ఫొటో అలా అనదు.

శిలాజాడ
బండల మేట నా వంతు.

మేటలో దారి అంటూ ఉండదు, వరస ఉంటుంది. కిందినుంచే నిలబడి రెండు నిమిషాలు చూడండి. పెద్ద బండలు, లైకెన్ (రాతిమీద పెరిగే నాచులాంటిది) పట్టి రంగు మారినవి, ఏళ్లుగా కదలనివి. వాటిమీద నడవండి. తాజా రంగులో, మట్టి అంటుకుని, పదునైన అంచులతో ఉన్నవి ఈమధ్య దొర్లినవి. వాటిని తప్పించండి. కానీ తడిసిన నల్లటి లైకెన్ సబ్బులా జారుతుంది, కాబట్టి వర్షం పడ్డాక ఈ నియమం తలకిందులు: శుభ్రమైన గరుకు రాయి వెతకాలి. వర్షంలో మేటకు 70 ని. కాదు, గంటన్నర పైమాటే.

అడుగు బండ అంచున కాదు, మధ్యలో వేయండి. బరువు పూర్తిగా మోపేముందు కాస్త తొక్కి చూడండి. ఊగే రాయి మీద ఆగకండి, ఆగితేనే అది తిరగబడుతుంది, ముందుకు సాగిపోండి. అందుకే చూపు ఎప్పుడూ రెండు మూడు అడుగుల ముందు ఉండాలి.

పోల్స్ పట్టీలు మణికట్టునుంచి తీసేయండి. కర్ర కొన రెండు రాళ్ల సందులో ఇరుక్కుంటే, మనిషి ముందుకు పోతాడు, చెయ్యి వెనకే ఉండిపోతుంది. ఎముక విరిగేది అలాగే. పెద్ద బండల దగ్గర పోల్స్ మడిచి సంచికి కట్టేసి చేతులు వాడడం ఇంకా మంచిది.

సరస్సు పైన జారుడు రాళ్ల దగ్గర ఒకరి నెత్తిమీద ఒకరు ఉండకూడదు. వంపులు తిరుగుతూ ఎక్కేటప్పుడు పైవారు మలుపు దగ్గర ఆగి కిందివారిని కలుపుకోవాలి. రాయి జారితే ఎంత చిన్నదైనా 'రాయి!' అని అరవాలి. కిందివారు పైకి చూడకుండా తలమీద సంచి అడ్డం పెట్టుకోవాలి. సన్నరాళ్ల వాలు దిగేటప్పుడు మడమతో గుచ్చుతూ దిగవచ్చు, కానీ ఆ వాలు చివర ఏముందో కనిపిస్తేనే.

మబ్బుచూపు
వాతావరణం గురించి ఎవరూ ఎత్తలేదు. ఊరి సూచన కాదు, 2,500 మీ. ఎత్తుకు ఇచ్చే సూచన చూడండి. గాలి వేగం, గడ్డకట్టే ఎత్తు (ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు) రెండూ ఉండాలి. ప్రతి 1,000 మీ.కు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, కాబట్టి కింద 15 డిగ్రీలుంటే కనుమ మీద 8 దాకా, గాలి ఉంటే ఒంటికి ఇంకా తక్కువ. గడ్డకట్టే ఎత్తు రాత్రి 3,500 మీ. పైనే ఉంటే మంచు కరగడం ఆగదు, ఉదయం కూడా ఏరు తగ్గదు. ముందురోజు వర్షం పడినా అంతే. ఆ రోజు మానుకోండి.

వేసవిలో ఉరుములు మధ్యాహ్నం మొదలవుతాయి. 10 గంటలకే తెల్లమబ్బులు కాలీఫ్లవర్‌లా నిలువుగా పెరుగుతుంటే, 1కి ఉరుము ఉందనుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు 10 కి.మీ. దూరంలో ఉన్నట్టు, అప్పటికే కనుమ మీదనుంచి, గట్టు మీదనుంచి దిగిపోయి ఉండాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ పైకి వెళ్లకూడదు. మీ మొరైన్ బాట గట్టు శిఖరం మీదుగా పోతుంది, అక్కడ చిక్కుకోవద్దు. రాతి చూరు కింద, తక్కువ లోతున్న గుహలో దూరడం ప్రమాదం. ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గర పెట్టి, సంచిమీద కుంగి కూర్చోవాలి.

గీతలపటం
ఫోన్లో ఆఫ్‌లైన్ పటం, కాగితం పటం, దిక్సూచి మూడూ ఉండాలి. ఏటి రేవు, మేట మొదలు, మేట చివర, సరస్సు, కనుమ: ఈ అయిదు గుర్తులు ముందే ఫోన్లో పెట్టుకోండి. పొగమంచు కమ్మితే మేటలోంచి మొరైన్ బాట ఎక్కడ మొదలవుతుందో దొరకదు, ఆ గుర్తు ఒక్కటే ఆదుకుంటుంది. ఎత్తైన గోడల మధ్య జీపీఎస్ పదుల మీటర్లు తప్పవచ్చు, కాబట్టి ఎత్తు అంకె, వాలు దిశ కూడా పోల్చి చూడాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో, లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉండాలి. చలికి బ్యాటరీ పడిపోతుంది.

మంచుబాట
సంచిలో ఏముండాలో క్లుప్తంగా. ఒంటికి నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, వేడి లాగేస్తాయి. ఉన్ని గానీ సింథటిక్ గానీ లోపల, ఫ్లీస్, నీరు చొరని జాకెట్, ప్యాంటు. టోపీ, చేతితొడుగులు వేసవిలో కూడా. ఆరిన సాక్సు ఇంకో జత, నీరు చొరని సంచిలో. హెడ్‌ల్యాంప్ ఒక్కొక్కరికి ఒకటి, కొత్త బ్యాటరీలతో. మీరు చీకట్లో బయల్దేరుతున్నారు కాబట్టి అది ఎలాగూ ఉంటుంది. ముగ్గురికి ఒక బివీ సంచి (ఆపదలో లోపల దూరి తలదాచుకునే పలచని సంచి). మనిషి కదలలేకపోతే చలినుంచి కాపాడేది అదే. కింద వేయడానికి ఫోమ్ ముక్క కూడా ఉంచండి, వేడి నేలలోకే ఎక్కువ పోతుంది. నల్లకళ్లద్దాలు తప్పనిసరి, మంచుమీద ఎండ కళ్లను కాలుస్తుంది.

నీరు బయల్దేరేటప్పుడు ఒక్కొక్కరికి లీటరున్నర. గంటకు అర లీటరు లెక్క వేస్తే రోజుకు అయిదారు లీటర్లు, అంతా మోయలేరు, దారిలో నింపుకోవాలి. పాలలాంటి హిమానీనదం నీరు ఫిల్టర్‌ను నిమిషాల్లో మూసేస్తుంది. పక్కనుంచి వచ్చే తేట ఊటలు పటంలో గుర్తుపెట్టుకోండి. నీటిని శుద్ధిచేసే మాత్రలు వాడితే చల్లటి నీటికి ఎక్కువసేపు ఆగాలి. ఆహారం గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం వచ్చేలా, ఆకలి వేసేదాకా ఆగకుండా తినండి.

ఏటిగట్టు
ఒక ముఖ్యమైన విషయం మిగిలింది. ఏరు పెరిగి అవతలే చిక్కుకుంటే ఏం చేస్తారు? జవాబు ముందే ఉండాలి: ఆగిపోతారు. రాత్రి గడిపి తెల్లవారి దాటుతారు. బివీ సంచి, ఇంకో పూట తిండి అందుకే. ఇంటిదగ్గర ఒకరికి దారి, ముగ్గురి పేర్లు, 'ఏరు పెరిగితే మర్నాడు ఉదయం 10కి వస్తాం' అన్న మాట రాసి ఇవ్వండి. ఆ గడువు దాటితేనే వాళ్లు రక్షణ బృందానికి చెప్పాలి. ఆ మాట లేకపోతే ఇంట్లో ఎదురుచూసేవారి భయం మిమ్మల్ని నీటిలోకి తోస్తుంది.

లోయ అడుగున సిగ్నల్ ఉండదనే అనుకోండి. కొండల్లో ఆపద సంకేతం నిమిషానికి ఆరు సార్లు, ఈల గానీ వెలుగు గానీ, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ. బదులు నిమిషానికి మూడు. వీలైతే 406 మెగాహెర్ట్జ్ లొకేటర్ బీకన్ (ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరం) ఒకటి వెంట ఉంచుకోండి. హెలికాప్టర్ వస్తే రెండు చేతులూ పైకి వాలుగా ఎత్తి నిలబడాలి, సాయం కావాలని దాని అర్థం.

బాటసారి
అందరూ చెప్పినవి కలిపి మళ్లీ రాశాను, చూడండి.

గమ్యం సరస్సు. ముందురోజు వర్షం లేకుండా, రాత్రి ఆకాశం తేటగా, గడ్డకట్టే ఎత్తు తక్కువగా ఉంటేనే వెళ్లడం. 4:00కి బయల్దేరడం, 5:22కి ఏరు, వెలుగు చాలకపోతే ఆగడం. దాటాక రాయి ఫొటో. 7:20 ప్రాంతంలో మేట మొదలు, 8:40కి సరస్సు. సరస్సుకు గడువు దాటి చేరితే అక్కడే ఆఖరు. గడువులోపు చేరి, మబ్బులు నిలువుగా పెరగకపోతే, మంచు పట్టీ పక్కన రాళ్లమీద దారి ఉంటే పైకి. 10:30కి ఎక్కడున్నా వెనక్కి. 2:00 లోపు ఏరు. నీరు మోకాలు దాటినా, రాళ్ల చప్పుడు వినిపించినా అవతలే రాత్రి. ఇంటిదగ్గర మర్నాడు 10 గడువు రాసిపెడతాం. ముగ్గురిలో ఒక్కరు వద్దన్నా వెనక్కి, వాదన ఉండదు.

కొలబద్ద
బాగుంది. ఒక్క దిద్దుబాటు. ఏటి దగ్గర వెలుగు కోసం 15 ని. ఆగాల్సివస్తే ఆ 15 ని. సరస్సు గడువుకు కలపకండి. 8:40 మారదు. ఆ నిమిషాలు ఎక్కే సమయంలోంచే పోవాలి, లేకపోతే 2 గంటల గడువులోంచి పోతాయి.

ఏటిగట్టు
రాయి ఫొటో తీసేటప్పుడు పక్కన పోల్ నిలబెట్టి తీయండి. పోల్ మీది సెంటీమీటర్ గీతలు కనిపించాలి. ఒక్క రాయి అయితే ఎంత పెరిగిందో సరిగ్గా తెలియదు, గీతలుంటే అంకె తెలుస్తుంది. దాటాక అవతలి ఒడ్డున ఉన్న రాయినే ఎంచుకోండి, తిరిగి వచ్చేసరికి మీరుండేది అవతలి వైపున.

బాటసారి
అది నేను ఆలోచించలేదు. ఉదయం దాటాక అవతలి ఒడ్డునే, అంటే తిరిగి వచ్చేటప్పుడు మేం ముందు చేరే ఒడ్డున, రాయిని చూసుకుంటాం. పోల్ పెట్టి ఫొటో తీస్తాం.